మొదటి విలువ డిక్లరేషన్‌లోనా, కన్‌స్ట్రక్టర్‌లోనా: ఏది మేలు?

ఒంగోలు పొగాకు వేలం కేంద్రానికి వచ్చే బేళ్ల లెక్కను జావాలో రాస్తున్నామనుకోండి. బేలు అని ఒక క్లాసు, అంటే ఆబ్జెక్టులు తయారయ్యే అచ్చు. అందులో ఫీల్డులు, అంటే విలువలు దాచుకునే అరలు: రైతు రిజిస్ట్రేషన్ నంబరు, బరువు, కిలో ధర, అమ్ముడైందా లేదా. ఫీల్డుకి మొదటి విలువ దాన్ని రాసిన లైన్లోనే (డిక్లరేషన్) ఇవ్వొచ్చు, లేదా ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌లో ఇవ్వొచ్చు.

ఏ విలువా ఇవ్వకుండా వదిలేస్తే జావానే పెట్టేస్తుంది: అంకెలకు 0, బూలియన్‌కు (అవును/కాదు) ఫాల్స్, స్ట్రింగ్‌కు (అక్షరాలు) నల్, అంటే ఏమీ లేదని. (మెథడ్ లోపలి వేరియబుల్స్‌కి ఈ మర్యాద లేదు, విలువ ఇవ్వకుండా వాడితే కంపైలర్ ఒప్పుకోదు.) అమ్ముడైందా అన్నదానికి ఫాల్స్ చక్కగా సరిపోతుంది. బరువుతోనే చిక్కంతా. కాటా ఎక్కని బేలు కూడా 0 కిలోలతో జాబితాలో దర్జాగా కూర్చుంటుంది, ప్రోగ్రాం కిక్కురుమనదు. దీనికంటే నల్ నయం, వాడబోయినప్పుడు ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే ఎర్రర్) విసిరి దొరికిపోతుంది.

కాబట్టి బరువు, రిజిస్ట్రేషన్ నంబరు కన్‌స్ట్రక్టర్‌లోనే అడగాలి. అవి లేకుండా బేలు ఆబ్జెక్ట్ పుట్టకూడదు. బరువు 0 కంటే ఎక్కువో కాదో అక్కడే చూడొచ్చు, ఫైనల్ అని రాస్తే తర్వాత ఎవరూ మార్చలేరు. మనం ఒక్క కన్‌స్ట్రక్టర్ రాయగానే జావా ఊరికే ఇచ్చే ఖాళీ కన్‌స్ట్రక్టర్ పోతుంది. కుర్రాళ్లు ఎర్రర్ చూసి కంగారుపడి దాన్ని మళ్లీ చేత్తో రాసేస్తారు, అడ్డం పెట్టిన తలుపు వాళ్లే తీసినట్టు.

అమ్ముడైందా అన్నది డిక్లరేషన్‌లోనే ఫాల్స్ అని రాస్తాను. జావా ఎలాగూ పెట్టేదే అయినా, చదివేవాడికి ఉద్దేశం తెలుస్తుంది. రెండు మూడు కన్‌స్ట్రక్టర్లు ఉన్నా మళ్లీ మళ్లీ రాయక్కర్లేదు.

ధర మాత్రం రెండు చోట్లా ఇమడదు. అది తేలేది వేలంలో. కన్‌స్ట్రక్టర్‌లో అడిగితే ఆపరేటర్ ఏదో ఒక అంకె కొడతాడు. 0 పెడితే వేలం కాలేదా, ఎవరూ పాడలేదా అన్నది తెలియదు. నల్ పట్టని చిన్న d డబుల్ (double) బదులు, నల్ పట్టే పెద్ద D డబుల్ (Double) టైపు వాడి నల్‌గా ఉంచడానికే నా ఓటు.

ఫైనల్ కాని ఫీల్డుకి రెండు చోట్లా విలువ రాస్తే కన్‌స్ట్రక్టర్‌దే చెల్లుతుంది, డిక్లరేషన్ విలువలు పడ్డాకే దాని ఒళ్లు నడుస్తుంది గనక. ఆ రెండిటికంటే ముందు నడిచేది పేరెంట్ క్లాసు (మన క్లాసు దేని నుంచి వచ్చిందో అది) కన్‌స్ట్రక్టర్. అందులో నుంచి చైల్డ్ క్లాసు ఓవర్‌రైడ్ చేసిన (తనదిగా తిరగరాసిన) మెథడ్‌ని పిలిస్తే, మీరు డిక్లరేషన్‌లో 50 అని రాసుకున్న ఫైనల్ కాని ఫీల్డు కూడా దానికి 0గానే కనిపిస్తుంది.