మెత్తటి టైర్లు, డ్రై క్లచ్: మూడేళ్ళ లెక్క

టైర్లు మార్చిన రోజు నుంచి ఈ కారంటే నాకు మళ్ళీ ప్రేమ పుట్టింది. ఇంజిన్ జోలికి పోలేదు, దాని సాఫ్ట్‌వేర్ రీమ్యాప్ చేయించలేదు, సైలెన్సర్ మార్చలేదు. నాలుగు టైర్లు మార్చాను, అంతే. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి పట్టే టైములో అర సెకను తగ్గింది. ఆ అర సెకను ఎక్కడి నుంచి వచ్చిందో సరిగ్గా అర్థం కావడానికి మాత్రం మూడేళ్ళు పట్టింది. ఈలోపు ఒక సాయంత్రం చెన్నై శివార్లలో పూనమల్లి ట్రాఫిక్‌లో కారు ఉన్నచోటే నిలబడిపోయింది.

కారు కంపెనీ పేరూ టైరు కంపెనీ పేరూ రాయడం లేదు. నేను చెప్పేది ఒక బ్రాండు సంగతి కాదు, ఈ రకం టైరును ఈ రకం గేర్‌బాక్స్‌కు జత చేస్తే ఏమవుతుందన్నది. కారు ఫ్రంట్ వీల్ డ్రైవ్ టర్బో పెట్రోల్ సెడాన్, ఏడు గేర్ల డ్రై డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ (రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునేది). టైర్లు మెత్తటి రబ్బరుతో చేసిన సమ్మర్ టైర్లు. సైజు పాతదే, 205/55 ఆర్ 16. 2022 జూన్‌లో వేయించాను. నేను ఉండేది చెన్నై వేళచ్చేరిలో. నెలకు రెండుసార్లు నెల్లూరు వెళ్ళి వస్తాను, ఏడాదికి ఒకటో రెండో సార్లు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు వెళ్తాను.

లెక్క మొదలైంది ఆ ట్రాక్ దగ్గరే. 2022 జనవరిలో పాత టైర్లతో వెళ్ళాను. జీపీఎస్ బాక్స్‌ను డాష్‌బోర్డుకు అంటించి, మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టి, తెల్లవారగానే ఖాళీ స్ట్రెయిట్ మీద నిలబడ్డ చోటు నుంచి లాగించాను. బాగా వచ్చిన పరుగు 8.4 సెకన్లు. మరుసటి జనవరిలో కొత్త టైర్లతో అదే చోట, అంతే చల్లగా ఉన్న పొద్దున, పక్కన అదే మనిషి, ట్యాంకులో ఇంచుమించు అంతే పెట్రోలు. 7.9 వచ్చింది. వాడు ఫోన్ నా ముఖం ముందు పెట్టి "బావా, చూడు చూడు" అని ఒకటే గోల.

ఇంటికొచ్చాక ఆ రెండు పరుగులను ముక్కలు చేసి చూశాను. పాత టైర్లతో సున్నా నుంచి 30కి 2.5 సెకన్లు, అక్కడి నుంచి వందకు 5.9. కొత్త వాటితో 30కి 1.9, అక్కడి నుంచి వందకు 6.0. తేడా అంతా మొదటి 30 కిలోమీటర్ల వేగం లోపలే! 30 దాటాక కొత్త టైర్లు ఒక పిసరు నెమ్మదే. మెత్తటి రబ్బరు దొర్లేటప్పుడు ఎక్కువగా నలుగుతుంది, ఆ నలుగుడుకు కొంత శక్తి పోతుంది. ఇంజిన్ రెండేళ్ళూ అదే పని చేసింది. పాత టైర్ల మీద ఆ పనిలో కొంత చక్రాలు ఉత్తినే తిరగడానికి పోయింది, కొత్త వాటి మీద దాదాపు అంతా రోడ్డుకు చేరింది.

ఇది చూశాక పత్రికల్లో సూపర్‌కార్ల అంకెలను నేను చదివే పద్ధతే మారింది. 2008లో నిస్సాన్, పోర్షే మధ్య జరిగిన గొడవే చూడండి. తన జీటీ-ఆర్ కారు జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌ను 7 నిమిషాల 29 సెకన్లలో చుట్టిందని నిస్సాన్ ప్రకటించింది. పోర్షే వాళ్ళు ఒక జీటీ-ఆర్ కొని తామే నడిపి చూస్తే 7:54 వచ్చింది. కారు ఒకటే, తేడా 25 సెకన్లు. పోర్షే అనుమానం వెంటనే టైర్ల మీదకే వెళ్ళింది, దాదాపు రేసు టైర్ల లాంటివి వేసి ఉంటారని. కారుతో అమ్మే డన్‌లప్ టైర్లతోనే నడిపామని నిస్సాన్ జవాబిచ్చింది. ఎవరి మాట నిజమని నేను తీర్పు చెప్పలేను. కానీ తేడా రాగానే ఇంజిన్‌ను కాకుండా టైర్లను అనుమానించారు చూడండి, ఆ పని తెలిసినవాళ్ళకు అసలు కిటుకు ఎక్కడుందో తెలుసు. 2021లో పోర్షే తన 911 జీటీ3తో అదే ట్రాక్‌ను 6:59.927లో చుట్టినప్పుడు, వేసిన టైర్లు మిషెలిన్ కప్ 2 ఆర్ అని కూడా చెప్పింది. అలా చెప్పడమే మర్యాద అని నా అభిప్రాయం.

రోడ్డు కూడా అంతే. టెస్లా మోడల్ ఎస్ ప్లాడ్ ఎలక్ట్రిక్ కారు, దానికి గేర్లు మార్చే పనే లేదు. అయినా మోటార్‌ట్రెండ్ పత్రిక దాన్ని జిగురు పూసిన డ్రాగ్ స్ట్రిప్ (తిన్నటి పరుగు పందేల బాట) మీద పరీక్షిస్తే గంటకు 60 మైళ్ళకు 1.98 సెకన్లు, మామూలు తారు మీద 2.07. అందులోనూ కారు మొదటి అడుగు దూరం కదిలే టైమును వాళ్ళు లెక్కలోంచి తీసేస్తారు. దీన్ని రోలౌట్ అంటారు. నా జీపీఎస్ యాప్‌లో కూడా ఆ బటన్ ఉంది. తెలియక దాన్ని ఆన్ చేసి ఉంచి, కొన్ని నెలలు అందరికీ 7.6 అని చెప్పాను. అది తప్పు. సరైన అంకె 7.9.

ఇక గేర్‌బాక్స్. నా కారులో రెండో గేరు 94 దగ్గర అయిపోతుంది, వంద చేరాలంటే మూడోది పడాల్సిందే. డ్యూయల్ క్లచ్‌లో ఆ మార్పు తెలియను కూడా తెలియదు. తర్వాతి గేరు ముందే పట్టుకుని సిద్ధంగా ఉంటుంది, ఒక క్లచ్ వదులుతుంటే ఇంకోటి అందుకుంటుంది. ఇదే కారు మాన్యువల్ నా స్నేహితుడి దగ్గర ఉంది, వాడివీ ఇవే టైర్లు. వాడి పరుగులు 8.3 నుంచి 8.9 దాకా వచ్చాయి. నావి పదిసార్లు లాగించినా 7.9, 8.0, 8.0 ఇలా ఒకే వరసలో పడ్డాయి. ఇందాక చెప్పిన జీటీ3లోనూ ఇదే కథ. కంపెనీ లెక్క ప్రకారం పీడీకే (పోర్షే డ్యూయల్ క్లచ్) గేర్‌బాక్స్‌తో వందకు 3.4 సెకన్లు, మాన్యువల్‌తో 3.9. పీడీకే కారు 17 కేజీలు బరువు ఎక్కువ, అయినా ముందు చేరేది అదే. టాప్ స్పీడ్‌లో మాత్రం మాన్యువల్ 320, పీడీకే 318. నిలబడ్డ చోటు నుంచి లేచేటప్పుడే గేర్‌బాక్స్ తన పనితనం చూపిస్తుంది.

ఇంతవరకూ అంతా సంతోషమే. ఇప్పుడు పూనమల్లి సంగతి.

2023 జనవరిలో ఆ ట్రాక్ డే రోజే జరిగింది. పొద్దున పది పరుగులు చాలక, మధ్యాహ్నం ఎండలో ఇంకో ఏడు లాంచ్‌లు కొట్టాను. ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పూర్తిగా, బ్రేకు వదలడం. ప్రతిసారీ కారు కొరడా దెబ్బ తగిలిన గుర్రంలా ఎగిరి దూకుతుంటే ఆపబుద్ధి కాలేదు. నాలుగు గంటలకు బయలుదేరాం. పూనమల్లి దగ్గర మెట్రో పని కోసం రోడ్డు సగం మూసేశారు. అడుగడుగునా ఆగడం, రెండు మీటర్లు కదలడం. ఇరవై నిమిషాలయ్యాక కారు కదిలేటప్పుడల్లా వణకడం మొదలైంది. పాత మిక్సీ మీద చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా. సన్నగా మాడు వాసన. పక్క లారీదేమో అనుకున్నాను. కాదు. డయల్ మధ్యలో గేర్ గుర్తు ఎర్రగా వెలిగి, గేర్‌బాక్స్ వేడెక్కింది, కారు ఆపండి అని వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది, కారు కదలడం లేదు.

వెనక నుంచి హారన్లు. బావమరిది దిగి, ఇంకో ఇద్దరిని పిలిచి, ఓ కొబ్బరిబోండాల బండి పక్కకు తోయించాడు. వేళచ్చేరిలో నేను పని చేయించుకునే మెకానిక్‌ది మా నెల్లూరే, ఆయనకు ఫోన్ చేశాను.

"అన్నా, పొద్దున ఎన్ని లాంచ్‌లు కొట్టినావు?"

"పదిహేడు."

కాసేపు మాట లేదు. "బానెట్ ఎత్తి ముప్పావుగంట అట్లా వదిలెయ్. ఏసీ వద్దు. ఆ టైర్లు రోడ్డును వదలవు, ఇంక జారాల్సింది క్లచ్చే కదన్నా."

ఆ ఒక్క మాటతో నాకు మొత్తం బొమ్మ కనిపించింది. పాత గట్టి టైర్లతో లాంచ్ కొట్టినప్పుడు చక్రాలు తిరిగిపోయేవి. ఎక్కువైన శక్తి పొగై, నల్లటి గీతలై రోడ్డు మీదే పోయేది, క్లచ్ వెంటనే కలిసిపోయేది. కొత్త టైర్లు జారడం లేదు. ఇంజిన్ వేగం ఎక్కువ, చక్రాల వేగం తక్కువ, ఆ తేడాను ఎక్కడో ఒకచోట రాపిడి రూపంలో ఖర్చు చేయక తప్పదు. ఆ భారమంతా క్లచ్ ప్లేట్ల మీద పడింది. డ్రై క్లచ్ అంటే దాన్ని చల్లబరచడానికి నూనె ఉండదు, గాలే దిక్కు. పదిహేడు లాంచ్‌ల వేడి పూర్తిగా దిగకముందే పూనమల్లి ట్రాఫిక్‌లో అరగంట పాకించాను. నేను ఇన్నాళ్ళూ పొగిడిన టైర్ల పట్టుకు బిల్లు కట్టింది గేర్‌బాక్స్.

ముప్పావుగంట తర్వాత కారు ఏమీ జరగనట్టు కదిలింది. కానీ వణుకు పూర్తిగా పోలేదు, తర్వాతి ఏడాది క్లచ్ ప్యాక్ మార్చాల్సి వచ్చింది. ఆ ఖర్చుతో ఇలాంటి టైర్లు రెండు సెట్లు వచ్చేవి.

పెద్ద కార్లు తయారు చేసేవాళ్ళు ఈ రెండింటినీ విడదీసి చూడరు. పీడీకేలోనూ, బుగాటీ వేరాన్ డ్యూయల్ క్లచ్‌లోనూ ప్లేట్లు నూనెలో మునిగి ఉంటాయి. 2018 డాడ్జ్ డీమన్‌ను కంపెనీయే నిట్టో డ్రాగ్ టైర్లతో అమ్మింది. పావు మైలు 9.65 సెకన్ల అంకె ఆ టైర్ల మీద వచ్చిందే. టైర్లు వేసి ఊరుకోలేదు, వాటి పట్టును తట్టుకునేలా డ్రైవ్ షాఫ్టులను కూడా బలపరిచారు. అందులో గేర్‌బాక్స్ టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, జారేది నూనెలోనే. వేరాన్ సూపర్ స్పోర్ట్ అయితే 2010లో 431 కిలోమీటర్ల వేగం అందుకుంది, కానీ కొన్నవాళ్ళకు ఇచ్చిన కార్లను టైర్ల కోసం 415 దగ్గర కట్టేశారు. నేను ఒకవైపు మార్చి రెండోవైపు అలాగే వదిలేశాను.

మొదట్లో నేను అందరికీ చెప్పిన అర సెకను గురించి కూడా ఒక సవరణ ఉంది. 8.4 వచ్చిన పాత టైర్లు అప్పటికే ఐదేళ్ళవి, 50,000 కిలోమీటర్లు తిరిగినవి. చెన్నై ఎండలో రబ్బరు గట్టిపడిపోతుంది. రోహిణి కార్తెకు రోళ్ళే పగులుతాయంటారు, ఇక టైరెంత! ఈ మెత్తటి సెట్టు అరిగాక రోజువారీ వాడకానికి మామూలు టూరింగ్ టైర్లు కొత్తవి వేయించాను. వాటితో 8.1 వచ్చింది. అంటే మెత్తటి రబ్బరు సొంత ఘనత 0.2 సెకను, మిగతాది కొత్త రబ్బరు ఘనత. బ్రేకుల్లోనూ అంతే. వంద నుంచి ఆగడానికి పాత వాటితో 44 మీటర్లు, మెత్తటి వాటితో 38.5, కొత్త టూరింగ్ వాటితో 40. అయినా ఆ మీటరున్నరను నేను చిన్నచూపు చూడను. తడ దాటాక ఒక రాత్రి డివైడర్ సందులోంచి గేదె అడ్డం వచ్చినప్పుడు, దానికీ నా బంపర్‌కూ మధ్య మిగిలింది ఒక మనిషి నిలబడేంత చోటు.

గాలి సంగతి కూడా చెప్పాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 33 పట్టిస్తే, నెల్లూరు రోడ్డు మీద గంట నడిచాక 38 చూపిస్తుంది. ట్రాక్‌లో ఇలా వదిలేస్తే పట్టు తగ్గుతుంది, అందుకే అక్కడ 30తో మొదలుపెడతాను. బంకులో గాలి పట్టే మీటర్లను నమ్మను, నా గేజ్ డాష్‌బోర్డులోనే ఉంటుంది.

అరుగుదల విషయంలో సర్ది చెప్పుకోవడానికి ఏమీ లేదు. మెత్తటి టైర్లు 27,000 కిలోమీటర్లకే అరుగుదల గుర్తుల దాకా వచ్చేశాయి. కొత్తలో వానలో కూడా బాగా పట్టాయని అప్పట్లో అందరికీ చెప్పాను. అది మొదటి 15,000 వరకే నిజం. 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానుకు అందరిలాగే కారు వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద పెట్టి బతికించుకున్నాను. ఆ తర్వాతి వారం నాయుడుపేట దగ్గర నీళ్ళు నిలిచిన చోట ఎనభైలో స్టీరింగ్ ఒక్క క్షణం చేతిలో తేలిపోయింది. గాళ్ళు అప్పటికి సగం పైనే అరిగి ఉన్నాయి. వాన రోడ్డు మీద ఈ టైర్లను అరిగేదాకా వాడకూడదు.

మళ్ళీ కొంటానా? కొన్నాను. కానీ ఈసారి విడిగా నాలుగు రిమ్ములకు వేయించి, నెల్లూరులో మా నాన్న ఇంట్లో మెట్ల కింద పెట్టాను. ట్రాక్‌కు వెళ్ళే ముందు తెచ్చుకుంటాను, రోజుకు నాలుగు లాంచ్‌లు దాటను, తిరిగి వచ్చేటప్పుడు ట్రాఫిక్ తగ్గే దాకా శ్రీపెరంబుదూరులో టిఫిన్ చేసి కూర్చుంటాను. నూనెలో మునిగే క్లచ్ గానీ టార్క్ కన్వర్టర్ గానీ ఉన్న కారైతే ఏడాది పొడవునా ఇవే ఉంచేవాణ్ణేమో. చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు సిగ్నళ్ళ మధ్యే తిరిగే డ్రై క్లచ్ కారుకు మాత్రం ఇవి వేయించమని నేను చెప్పలేను. మా ఆవిడ అదే రోడ్డు మీద రోజూ ఆఫీసుకు వెళ్తుంది, ఆమె కారుకు టూరింగ్ టైర్లే వేయించాను.