కెనడా పీఆర్ రోజుల లెక్క: మారతహళ్లిలో మేం వెళ్ళిన ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ ఆఫీసు గురించి

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఎందుకంటే పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ, అంటే కెనడాలో శాశ్వతంగా ఉండే అనుమతి) తీసుకుని ఏవో ఇంటి కారణాలతో బెంగళూరులో ఆగిపోయిన మనవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి తప్పుడు సలహాలు ఇచ్చేవాళ్ళు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు.

మా సంగతి ఇది. మామగారికి నెల్లూరులో పక్షవాతం వచ్చింది, మేం కెనడా నుంచి వచ్చేశాం, ఇవాళ రేపు అంటూ ఇక్కడే ఉండిపోయాం. మా ఆయన వైట్‌ఫీల్డ్‌లో ఒక కెనడా కంపెనీ బ్రాంచిలో చేరారు. పీఆర్ నిలవాలంటే ఐదేళ్ళలో ఇన్ని రోజులు కెనడాలో ఉండాలని రూల్, మా కార్డు గడువేమో అయిపోవస్తోంది, దాంతో టెన్షన్ పట్టుకుంది. ముందు ఊళ్ళోనే వేరే ఒకచోట అడిగితే, కంపెనీ కెనడాదే కాబట్టి ఇక్కడ పనిచేసిన ప్రతి రోజూ లెక్కకి వస్తుందని ధీమాగా చెప్పి అడ్వాన్స్ కట్టమన్నారు. మాకు నమ్మకం కుదరక ఈ ఆఫీసుకి వచ్చాం.

ఇక్కడ మా కేసు చూసినావిడ ఫీజు మాట ఎత్తకుండా ముందు ఆఫర్ లెటర్ అడిగారు. రెండు పేరాలు చదివి, "మిమ్మల్ని కెనడా ఆఫీసు ఇక్కడికి పంపలేదు కదండీ, ఇక్కడే చేర్చుకున్నారు. ఇది లెక్కలోకి రాదు" అన్నారు. రూల్ అదేనట: కెనడా సంస్థలో ఫుల్‌టైమ్ ఉద్యోగిగా ఉండి, వాళ్ళే బయటి దేశంలో పోస్టింగ్ వేస్తేనే ఆ రోజులు కలుస్తాయి. మా ఆయన మొహం వాడిపోయింది గానీ, నిజం ముందే తెలియడం ఎంత మేలో తర్వాత అర్థమైంది.

మా పాప అక్కడే పుట్టింది, కెనడా సిటిజన్. పాపతో ఉన్న రోజులు కలుస్తాయని బంధువుల్లో ఒకరు గట్టిగా చెప్పారు. అదీ తప్పే. సిటిజన్ అయిన భర్తతోనో భార్యతోనో బయట కలిసి ఉంటే ఆ రోజులు లెక్కకి వస్తాయి, సిటిజన్ అయిన తల్లి దగ్గరో తండ్రి దగ్గరో ఉన్న పీఆర్ పిల్లలకీ వస్తాయి, పిల్లలు సిటిజన్లయితే తల్లిదండ్రులకి మాత్రం రావు.

అసలు రూల్ ఐదేళ్ళలో 730 రోజులు కెనడాలో ఉండాలి, వరసగా ఉండక్కర్లేదు, దిగిన రోజూ బయల్దేరిన రోజూ కూడా కలుస్తాయి. అప్లికేషన్ పెట్టిన తేదీ నుంచి ఐదేళ్ళు వెనక్కి లెక్కేస్తారు. పీఆర్ వచ్చి ఐదేళ్ళు నిండనివాళ్ళకి మాత్రం మిగిలిన కాలంలో 730 పూర్తయ్యే వీలుందా అని చూస్తారు, అలాంటివాళ్ళు భయపడి కూర్చోకుండా టికెట్ వేసుకుంటే చాలు.

నాకు బాగా నచ్చింది ఆవిడ రోజులు లెక్కపెట్టిన తీరు. పీఆర్ ఉన్నవాళ్ళకి కెనడాలో దిగినప్పుడు ప్రతిసారీ స్టాంపు పడదు. అందుకని పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు రెండూ టేబుల్ మీద పరిచి, మన ఇమిగ్రేషన్ వాళ్ళు వేసిన స్టాంపుల తేదీలు ఒక్కొక్కటే రిజిస్టర్‌లో రాసుకున్నారు. ఒకటి బాగా వెలిసిపోతే ఆ పేజీని ట్యూబ్‌లైటు కిందకి ఎత్తి పట్టుకుని చూశారు, అప్పటికీ తేలక మా ఆయన మెయిల్‌లో పాత టికెట్ వెతికించి సరిచూసుకున్నారు. అంత ఓపిక నేనెక్కడా చూడలేదు.

లెక్క తేలాక మాకు రోజులు చాలవని స్పష్టమైంది. కార్డు గడువు అయిపోయినంత మాత్రాన పీఆర్ పోదని, అధికారికంగా నిర్ణయం జరిగి అది ఖాయమయ్యేదాకా ఉన్నట్టేనని ఆవిడ నిదానంగా వివరించారు. కార్డు లేకుండా ఇక్కణ్ణుంచి విమానం ఎక్కాలంటే పర్మనెంట్ రెసిడెంట్ ట్రావెల్ డాక్యుమెంట్ కావాలి, ప్రభుత్వ ఫీజు 50 కెనడా డాలర్లు. రోజులు ఎందుకు చాలలేదో ఆ అప్లికేషన్‌లోనే మానవతా కారణాలు చెప్పుకోవచ్చు. "అన్నదమ్ములు ఎవరూ లేరా, మీరే ఎందుకు ఉండాల్సొచ్చింది?" అని ఆవిడ అడిగిన ప్రశ్న కటువుగా అనిపించింది గానీ, అక్కడి ఆఫీసరు చూసేదీ అదే. నెల్లూరు హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీలు, ఫిజియోథెరపీ బిల్లులు, పాప చదువు వివరాలు అన్నీ జతచేశారు. కాదంటే 60 రోజుల్లోపు అప్పీల్ చేసుకోవచ్చు. పీఆర్ వదిలేసి విజిటర్ వీసా తీసుకోండి అని తేలిగ్గా చెప్పేవాళ్ళ మాట దయచేసి వినొద్దు, అలా వదులుకుంటే మళ్ళీ మొదటి నుంచి అప్లై చేసుకోవడమే.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఫోన్‌లో చెప్పిన ఫీజు మీద జీఎస్టీ వేరే ఉంటుందని బిల్లు చేతికొచ్చేదాకా చెప్పలేదు. సాయంత్రం ఆరు దాటితే ఫోన్ ఎత్తరు కూడా, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి అది ఇబ్బందే.

ఎక్కడికి వెళ్ళినా, కన్సల్టెంట్ పేరు కెనడాలోని కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ (కన్సల్టెంట్లకి లైసెన్సులిచ్చే సంస్థ) పబ్లిక్ రిజిస్టర్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. ఆవిడ తన నంబరు తనే చూపించి, మా ఫోన్‌లోనే వెతుక్కోమన్నారు. మా అప్లికేషన్ ఇంకా నడుస్తోంది. ఇక్కడికి వచ్చేవాళ్ళు పాత పాస్‌పోర్టులన్నీ తెచ్చుకోండి, శనివారం మాత్రం వద్దు, కింద బండి పెట్టుకోవడానికి చోటుండదు.