అన్నపూర్ణ దారిలో తాగునీరు: ఏ ఫిల్టర్ మోయాలి, ఎక్కడ అవసరం లేదు

నేపాల్‌లో బెసిసహర్ వైపు నుంచి మొదలై, 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దాటి ముక్తినాథ్‌లో దిగే అన్నపూర్ణ నడకదారిలో నీటికి కరువు లేదు. మర్స్యాంగ్దీ నది చాలా దూరం పక్కనే హోరెత్తుతూ వస్తుంది, మలుపు తిరిగితే ఒక సెలయేరు అడ్డొస్తుంది, ఊళ్లలో రబ్బరు గొట్టాల్లోంచి కొండనీరు రాత్రీపగలూ పడుతూనే ఉంటుంది. ఆ నీటిలో తాగదగినది ఏది, తాగదగినదిగా చేసుకోవడానికి వీపున ఏ పరికరం మోయాలి అన్నదే అసలు ప్రశ్న. దసరా తరువాత హైదరాబాదు నుంచి బయల్దేరిన మా చిన్న బృందంలో ఒక్కొక్కరూ ఒక్కో రకం సాధనం తెచ్చుకోవడం వల్ల వాటన్నిటినీ ఒకే దారిలో, ఒకే చలిలో పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది.

నీటి శుద్ధి అనగానే మనవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది ఇంట్లో గోడకు తగిలించిన ఆర్‌ఓ యంత్రం, లేదా ఇరవై లీటర్ల క్యాను. నల్లగొండ ఫ్లోరైడ్ బాధను చూసిన ప్రాంతం కనుక నీటిలో కరిగిన లవణాల గురించి మనకు బెంగ ఎక్కువ. అయితే బ్యాక్‌ప్యాక్‌లో పట్టే ఫిల్టర్లలో చాలావరకు కరిగిన పదార్థాన్ని పట్టవు. ఫ్లోరైడ్, ఆర్సెనిక్ వంటివి వాటిలోంచి నిరాటంకంగా వెళ్లిపోతాయి. ఈ కొండదారిలో భయపడవలసింది లవణాలకు కాదు, క్రిములకు. ఎగువన ఊళ్లున్నాయి, మరుగుదొడ్లున్నాయి, కంచరగాడిదల బారులు నడుస్తుంటాయి, ఇంకా పైకి వెళితే జడలబర్రెలు మేస్తుంటాయి. చూడటానికి ఎంత తేటగా ఉన్నా ఆ వాగునీటిలో జియార్డియా, క్రిప్టోస్పోరిడియం అనే కంటికి కనిపించని పరాన్నజీవులు, రకరకాల బ్యాక్టీరియా ఉండవచ్చు. ఎగువన మనుషులుంటే హెపటైటిస్ ఎ, రోటావైరస్ వంటి వైరస్‌లూ ఉండవచ్చు.

ఫిల్టర్ ఎంపిక మొత్తం ఈ క్రిముల పరిమాణం మీదే ఆధారపడి ఉంటుంది. సాయర్ స్క్వీజ్, కటాడిన్ బీఫ్రీ వంటి చిన్న ఫిల్టర్లలో ఉండేవి సన్నని బోలు పీచుగొట్టాలు. వాటి రంధ్రం 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). బ్యాక్టీరియా, అంతకంటే ఎన్నో రెట్లు పెద్దవైన జియార్డియా, క్రిప్టోస్పోరిడియం అందులో చిక్కుకుంటాయి. హెపటైటిస్ ఎ వైరస్ సుమారు 0.03 మైక్రానే కనుక దాటిపోతుంది. మనుషులు లేని అడవిలో ఇది పెద్ద చిక్కు కాదు కానీ, గంటకో గంటన్నరకో ఒక ఊరు తగిలే దారిలో దీన్ని పట్టించుకోకుండా ఉండలేం.

అయినా నా ఓటు ఈ పీచుగొట్టాల ఫిల్టర్‌కే. సాయర్ స్క్వీజ్ బరువు సుమారు 85 గ్రాములు, బ్యాటరీ అక్కర్లేదు, సంచిలో నీరు పట్టి పిండితే నిమిషం రెండు నిమిషాల్లో లీటరు వస్తుంది. దాని మర మామూలు కూల్‌డ్రింక్ సీసా మూతికి సరిపోతుంది. మూతి పొట్టిగా, మర వేరుగా ఉండే కొన్ని మంచినీళ్ల సీసాలకు మాత్రం పట్టదు, పట్టినట్టే ఉండి పక్కనుంచి కారుతుంది. కాబట్టి ఇంటి దగ్గరే సీసాకు బిగించి, తలకిందులు చేసి చూసుకుని బయల్దేరడం మంచిది. పిండే సంచులు అతుకు దగ్గర చిట్లే అవకాశం ఉంది కనుక అదనంగా ఒక కూల్‌డ్రింక్ సీసా మోయడం తెలివైన పని. బీఫ్రీలో నీరు ఇంకా వేగంగా వస్తుంది, శుభ్రం చేయడానికి ఊపితే చాలు. కానీ దాని మూతి 42 మిల్లీమీటర్ల వెడల్పు, దానికి సరిపడే సంచి చిరిగితే కొండ మీద మరొకటి దొరకదు.

ఈ ఫిల్టర్లకు ప్రాణాంతకమైనది చలి. ఒకసారి తడిసిన పీచుగొట్టాల్లో ఎంత విదిలించినా కొంత నీరు మిగులుతుంది. అది గడ్డకడితే గొట్టాలు లోలోపల పగులుతాయి. పైకి ఏమీ తెలియదు, నీరు మామూలుగానే వస్తుంది, వడపోత మాత్రం జరగదు. మనాంగ్ ఊరికి పైనున్న యాక్ ఖర్కాలో రాత్రి గది లోపల కిటికీ పక్కన పెట్టిన సీసాలో పైన పలుచని మంచు పొర కట్టింది. అందువల్ల మనాంగ్ దాటాక ఫిల్టర్‌ను జిప్ కవర్లో పెట్టి, స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర ఉంచుకుని పడుకోవాలి. తెల్లవారుజామున కనుమ ఎక్కేటప్పుడు జాకెట్ లోపలి జేబులో వేసుకోవాలి. గడ్డకట్టిందన్న అనుమానం వస్తే దాన్ని పక్కన పడేయడం తప్ప గత్యంతరం లేదు.

రెండో శత్రువు మట్టి. మర్స్యాంగ్దీ, కాళీగండకి నదులు హిమానీనదాల రాతిపొడితో బూడిదరంగులో పారుతాయి. మన పల్లెల్లో పూర్వం బురదనీటిని కుండలో పోసి చిల్లగింజ అరగదీసి తేర్చేవారు. ఇక్కడ చిల్లగింజ లేకపోయినా తేర్చే ఓపిక ఉండాలి. నదినీరు కాకుండా పక్క సెలయేరు వెతకడం, అదీ లేకపోతే సీసాలో పట్టి గంటసేపు కదల్చకుండా ఉంచి పైతేటను జేబురుమాలు గుండా వంచుకోవడం మేలు. అలా చేయనివారి ఫిల్టర్ సాయంత్రానికి బొట్టుబొట్టుగా కారుతుంది. ఎదురుదిశలో నీరు తోసే సిరంజిని బరువని ఇంట్లో వదిలి రాకూడదు.

గ్రేల్ జియోప్రెస్ వంటి నొక్కుడు సీసా వైరస్‌లనూ పట్టేస్తుంది, నీరు వెంటనే చేతికొస్తుంది. బరువు సుమారు 450 గ్రాములు, ఒక్కసారికి 710 మిల్లీలీటర్లు. ఎత్తులో ఆయాసపడుతూ రెండు చేతులతో, ఒళ్లంతా బరువు వేసి దాన్ని నొక్కడం చిన్న వ్యాయామమేమీ కాదు. స్టెరిపెన్ వంటి అతినీలలోహిత కాంతి పరికరం లీటరుకు తొంభై సెకన్లలో పని ముగిస్తుంది. అయితే నీరు తేటగా ఉండాలి, చలికి బ్యాటరీ నీరసిస్తుంది. పైన ఛార్జింగ్‌కు చాలా చోట్ల విడిగా డబ్బు పుచ్చుకుంటారు.

ఫిల్టర్ వదిలేసిన వైరస్‌ల పని పట్టడానికి క్లోరిన్ బిళ్లలు చాలు. వడపోసిన నీటిలో బిళ్ల వేసి అరగంట ఆగాలి. మంచులాంటి నీటిలో ఇంకాస్త ఎక్కువసేపు ఆగడం మంచిది. బిళ్ల ఒక్కటే నమ్ముకుంటే క్రిప్టోస్పోరిడియం, నేపాల్‌లో వానాకాలంలో విజృంభించే సైక్లోస్పోరా అనే మరో పరాన్నజీవి దానికి లొంగవు. అవి ఫిల్టర్‌కు చిక్కుతాయి. ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది కనుక క్రిముల విషయంలో ఈ జోడీ మొత్తం వంద గ్రాముల పైచిలుకుతో నొక్కుడు సీసా చేసే పనంతా చేస్తుంది.

ఇక బసల సంగతి. టీహౌస్‌లలో భోజనం అక్కడే చేస్తే గది అద్దె నామమాత్రం, కానీ కాచిన నీటికి లీటరు లెక్కన వసూలు చేస్తారు, ఎత్తు పెరిగేకొద్దీ ధర కూడా ఎక్కుతుంది. కనుమ కింద ఉన్న థొరాంగ్ ఫేదీ దగ్గర నీరు సుమారు 85 డిగ్రీలకే మరుగుతుంది. అయినా తెర్లే దాకా కాచి మూడు నిమిషాలు ఉంచితే క్రిములు చస్తాయి. చిక్కల్లా నిజంగా కాచారా లేదా అన్నదే. ఒక బసలో "కాచిన నీరు" అని ఇచ్చినది గోరువెచ్చగా మాత్రమే ఉంది, ధర మాత్రం మరిగినంతా ఉంది. వంటింటి పొయ్యి కళ్లెదుట కనిపించే చిన్న బసల్లో ఈ అనుమానం ఉండదు. రాత్రి గట్టి మూతగల ఒకే పొర స్టీలు సీసా నిండా వేడినీరు తీసుకుంటే ఉదయానికి తాగునీరు, రాత్రి పక్కలో వెచ్చదనం రెండూ దక్కుతాయి.

అన్నిటికంటే నాకు నచ్చినవి అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం వారు ఓజోన్‌తో నీటిని శుద్ధి చేసి అమ్మే కేంద్రాలు. కాచిన నీటికంటే చవక, ప్లాస్టిక్ సీసా కొనక్కర్లేదు, ఫిల్టర్‌కూ విశ్రాంతి. అయితే మనం చేరే వేళకు తలుపు తీసి ఉంటుందన్న భరోసా లేదు. వాటి మీదే ఆధారపడి ఖాళీ చేతులతో నడవకూడదు.

ముక్తినాథ్‌లో నూట ఎనిమిది ధారల కింద స్నానం చేసి వచ్చిన గోదావరి జిల్లాల పెద్దాయన ఒకరు నేను సంచి పిండుతుంటే చాలాసేపు చూసి, "ఏమండీ, ఇదొకటి కొనుక్కు రమ్మంటారా మమ్మల్ని కూడా?" అని అడిగారు. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి కనుక మన వైష్ణవ యాత్రికులు పోఖరా నుంచి జోమ్‌సోమ్ దాకా విమానంలో, అక్కడి నుంచి జీపులోనో, లేదా దారంతా జీపులోనో ఇక్కడికి వస్తుంటారు. ఆయనకు అక్కర్లేదనే చెప్పాను. వాహనంలో వచ్చి ఒకటి రెండు రాత్రులుండేవారికి మంచి ఫ్లాస్కు, కళ్లెదుట కాచిన నీరు, పర్సులో ఒక బిళ్లల పట్టీ చాలు. నడిచి కనుమ దాటేవారికి మాత్రం ఫిల్టర్, బిళ్లలు రెండూ ఉండాలి. ఫిల్టర్‌ను బయల్దేరకముందే మన ఊళ్లో నమ్మకమైన చోట కొనుక్కుని, ఇంట్లో లీటరు నీరు దానిలోంచి పిండి చూసుకున్నాకే సామాను సర్దుకోవాలి. బిళ్లలు, నీటిని శుద్ధి చేసే చుక్కల మందు కఠ్మాండులో తేలిగ్గా దొరుకుతాయి. గడువు తేదీ చూసి తీసుకోవాలి.