న్యూకాజిల్: 2009 దెబ్బా, 2016 దెబ్బా?

పర్లాకిమిడిలో మా న్యూకాజిల్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్) అభిమానుల మధ్య ఈ వాదన తెగదు: ఏ రెలిగేషన్ (ప్రీమియర్ లీగ్ నుంచి కింది లీగ్‌కి దిగిపోవడం) ఎక్కువ బాధపెట్టింది? నా ఓటు 2009కే. ఆ సీజన్ మొదట్లో, 2008 సెప్టెంబర్‌లోనే మేనేజర్ కీగన్ వెళ్లిపోయాడు, తర్వాత వచ్చిన కిన్నియర్ గుండె జబ్బుతో తప్పుకున్నాడు. చివరి 8 మ్యాచ్‌లకు మన పాత స్టార్ షియరర్ మేనేజర్‌గా వచ్చినా గెలిచింది ఒక్కటే. ఆఖరి రోజు ఆస్టన్ విల్లాతో డ్రా అయినా గట్టెక్కేవాళ్లం. మన ఆటగాడు డఫ్‌కే తగిలి బంతి మన గోల్‌లోకే పోయింది. మనకి 34 పాయింట్లు, మన పైన నిలిచి బతికిపోయిన హల్‌కి 35. ఎంత టెన్షన్!

2016లో 37 పాయింట్లతో దిగిపోయాం. మేనేజర్ బెనీతెజ్ ఆలస్యంగా వచ్చినా చివరి 6 మ్యాచ్‌లు ఓడనివ్వలేదు. 10 మందే మిగిలినా టాటెన్‌హామ్‌ని 5-1తో చిత్తు చేశాం. అందుకే అప్పుడు ఏడుపు కన్నా నమ్మకమే ఎక్కువ. కానీ మన పక్కూరి ప్రత్యర్థి సండర్లాండ్ బతికిపోవడం మాత్రం జీర్ణం కాలేదు.