చియాంగ్ మాయ్‌లో ఊరి తిండి ఎక్కడ తింటే మేలు: ఖాన్‌తోక్ డిన్నరా, కాద్ లువాంగా, హుయెన్ హోటలా, ఆదివారం వాకింగ్ స్ట్రీటా?

థాయ్‌లాండ్ ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్ వెళ్లొచ్చాం అని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఏం తిన్నారు అనే. ఎక్కువమంది చెప్పేది ప్యాడ్ థాయ్, గ్రీన్ కర్రీ. రెండూ బానే ఉంటాయి, కాదనను, కానీ అవి బ్యాంకాక్ వైపు తిండి, వాటికోసం అంత ఉత్తరానికి పోనక్కర్లేదు. చియాంగ్ మాయ్ ఒకప్పుడు వేరే రాజ్యం, లాన్నా అంటారు, 1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన ఊరు, 1558 నుంచి రెండొందల ఏళ్లకి పైగా బర్మా వాళ్ల కింద ఉంది, చైనా యున్నాన్ నుంచి గుర్రాల మీద, కంచర గాడిదల మీద సరుకులేసుకుని వచ్చే ముస్లిం వర్తకుల దారి కూడా అదే. ఇవన్నీ కలిసి అక్కడి వంట వేరే దారిలో పోయింది. కూరల్లో కొబ్బరిపాలు తక్కువ, అల్లం, పసుపు, నిమ్మగడ్డి ఎక్కువ, అన్నం అంటే జిగురన్నం, చిన్న వెదురు బుట్టలో ఇస్తారు, చేత్తో ఉండ చేసుకుని కూరలో అద్దుకుని తినాలి. చేత్తో తినే ఊరు అనగానే మా అమ్మకి సగం భయం పోయింది.

నేను, అమ్మ, తమ్ముడు ఐదు రోజులు ఉన్నాం. అమ్మ కోడి, చేప తింటుంది, బీఫ్, పోర్క్ ముట్టదు, శనివారం అసలు నీచు తినదు. తమ్ముడు అన్నీ తింటాడు. కాబట్టి నేను చెప్పేది ఈ రెండు రకాల వాళ్లకీ పనికొస్తుంది అనుకుంటున్నా.

ముందు ఖాన్‌తోక్ సంగతి. హోటల్ రిసెప్షన్‌లో అడిగినా, ట్యాక్సీ అతన్ని అడిగినా ముందు చెప్పేది ఇదే. ఖాన్‌తోక్ అంటే పొట్టి కాళ్లున్న గుండ్రటి బల్ల, దాని మీద చిన్న చిన్న గిన్నెల్లో కూరలు పెట్టి చుట్టూ నేల మీద కూర్చుని తింటారు. పాత పద్ధతే, కానీ దాన్ని అతిథులకి డిన్నర్‌లాగా పెట్టడం 1950ల్లో మొదలైంది, తర్వాత నాట్యం, సంగీతం కలిపి టూరిస్టు షో అయింది. మేం వెళ్లిన చోట (పేరు వద్దులెండి) మనిషికి 500 బాత్ (థాయ్ డబ్బు) పైనే తీసుకున్నారు. హాలు నిండా బస్సుల్లో వచ్చిన జనం, అందరికీ ఒకేసారి గిన్నెలు పెట్టేశారు, మా దగ్గరికి వచ్చేసరికి కేంగ్ హాంగ్ లే అనే పోర్క్ కూర చల్లారిపోయి పైన కొవ్వు పేరుకుంది. కారం దాదాపు లేదు, ఎవరికీ ఇబ్బంది కాకూడదని తగ్గించేస్తారు. నామ్ ప్రిక్ ఆంగ్ అని టమాటా, పోర్క్ కీమాతో చేసే పచ్చడి ఒకటి ఉంటుంది, అది తియ్యగా సాస్‌లాగా ఉంది. అయితే నాట్యం మాత్రం నిజంగా బాగుంది, వేళ్లకి పొడుగాటి ఇత్తడి గోళ్లు పెట్టుకుని చాలా మెల్లగా చేసే ఫోన్ లెప్ చూస్తూ అమ్మ తినడమే మర్చిపోయింది. గిన్నె ఖాళీ అయితే మళ్లీ వేస్తారు, పిల్లలకి వేయించిన చికెన్ ఉంటుంది. పెద్దవాళ్లకి నేల మీద కూర్చోవడం కష్టమైతే బల్ల కింద కాళ్లు పెట్టుకునేలా గొయ్యి ఉన్న సీట్లు కొన్ని చోట్ల ఉంటాయి, బుక్ చేసేటప్పుడే అడగండి. నా మాట ఏంటంటే నాట్యం కోసం వెళ్లండి, తిండి కోసం మాత్రం వద్దు.

ఆదివారం వాకింగ్ స్ట్రీట్ సాయంత్రం థా ఫే గేట్ దగ్గర మొదలై రాచదమ్నోన్ రోడ్డు పొడుగునా ఉంటుంది, దారిలో గుడుల ప్రాంగణాల్లోనే తిండి కొట్లు పెడతారు, శనివారం ఇలాంటిదే వువాలాయ్ రోడ్డులో. సరదాగా ఉంటుంది, అన్నీ చిన్న చిన్న ముక్కలుగా దొరుకుతాయి కాబట్టి రుచి చూడ్డానికి మంచిది, కానీ సగం కొట్లు సుషీ, మ్యాంగో షేక్, ప్యాడ్ థాయ్, పైగా జనం ఎంత ఉంటారంటే గిన్నె పట్టుకుని నిలబడే జాగా దొరకదు. సాయ్ ఉవా ముక్కలు మాత్రం ఇక్కడ తినొచ్చు, నిమ్మగడ్డి, నిమ్మాకు లాంటి ఆకు, పసుపు, ఎండుమిర్చి దట్టించి బొగ్గుల మీద కాల్చే పోర్క్ సాసేజ్. తమ్ముడు మూడు చోట్ల తిన్నాడు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

అసలు విషయం కాద్ లువాంగ్. మ్యాపులో వారోరోత్ మార్కెట్ అని ఉంటుంది, పింగ్ నది పక్కనే, ఊళ్లోవాళ్లు మాత్రం కాద్ లువాంగ్ అనే అంటారు, వాళ్ల భాషలో కాద్ అంటే సంత, లువాంగ్ అంటే పెద్దది. పొద్దున్నే వెళ్లండి, ఏడింటికి వెళ్తే ఇంకా మంచిది. కింది అంతస్తులో వరసగా నామ్ ప్రిక్ నుమ్, సాయ్ ఉవా, కేప్ మూ (పోర్క్ చర్మం వేయించిన చిప్స్) అమ్మే కొట్లు.

నామ్ ప్రిక్ నుమ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తా ఎందుకంటే మనవాళ్లు ఊరుకోలేరు. పొడుగ్గా లేత ఆకుపచ్చలో ఉండే మిరపకాయలు, చూడ్డానికి మన బజ్జీ మిరపకాయలకి దగ్గరగా ఉంటాయి, వాటిని, చిన్న ఉల్లిపాయల్ని, వెల్లుల్లిని తొక్కతో సహా బొగ్గుల మీద నల్లగా మాడ్చి, తొక్క తీసేసి, రోట్లో దంచుతారు. మెత్తగా నూరరు, దారాలు దారాలుగా ఉంటుంది. ఆ వాసనకే అమ్మ ఆగిపోయింది. కొట్టు ఆమె చిన్న గిన్నెలోంచి కొంచెం చేతిలో పెట్టింది, అమ్మ నాకి, "ఒరేయ్ ఇది మన పచ్చిమిరపకాయ రోటిపచ్చడే కదరా, చింతపండు ఒక్కటే లేదు" అంది. ఆ ఆమెకి ఏం అర్థమైందో గానీ "లామ్ ఖనాద్" అని నవ్వింది. టూర్ గైడ్లు నేర్పే "అరోయ్" బ్యాంకాక్ మాట, ఇక్కడ చాలా బాగుంది అనడానికి లామ్ ఖనాద్ అంటారు, ఒక్కసారి అనిచూడండి, వాళ్ల మొహం ఎలా వెలుగుతుందో.

అక్కడే జిగురన్నం చిన్న కవర్లో కొన్నాం, ఉడకబెట్టిన గుమ్మడికాయ ముక్కలు, బొబ్బర్ల కాయలు, క్యాబేజీ ఒక కవర్లో, గుడ్డు, ముగ్గురికీ కలిపి 150 బాత్ దాటలేదు. కూర్చునే జాగా లేదు, అదే ఈ సంతకి పెద్ద లోటు. నది ఒడ్డుకి నడిచి ఒక చెట్టు కింద అరుగు మీద కూర్చుని తిన్నాం. ఇంకో ఇబ్బంది బోర్డులన్నీ థాయ్‌లో, ఏ మూటలో ఏముందో తెలీదు, అమ్మలాంటి వాళ్లతో వెళ్తే మూడు మాటలు నేర్చుకోండి: మూ అంటే పోర్క్, న్యువా అంటే బీఫ్, కాయ్ అంటే కోడి. ఇవి తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇక హుయెన్ హోటళ్లు. హుయెన్ అంటే వాళ్ల భాషలో ఇల్లు, పేరులో ఆ మాట ఉంటే చాలావరకు లాన్నా వంట చేసే చోటే. రాచమంకా రోడ్డులో హుయెన్ ఫెన్ పాత పేరు, పగలు ముందు షెడ్డులాంటి చోట మెస్‌లాగా నడుస్తుంది, సాయంత్రం వెనక పాత సామాన్లతో నింపిన చెక్క ఇంట్లో పెడతారు. పగలే వెళ్లండి, ఊళ్లోవాళ్లు ఎక్కువ ఉంటారు, రేటూ తక్కువ. రాచఫ్రుయెక్ రోడ్డులో హుయెన్ మువన్ జాయ్ ఇంకోటి. నిమ్మన్ సోయ్ (అంటే సందు) 13లో తోంగ్ తెమ్ తో రుచి బానే ఉంటుంది గానీ లైన్ చాలా పెద్దది, పేరు రాయించి గంట తిరిగిరావాల్సి ఉంటుంది. మంచి హోటళ్ల పేర్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ 2020 ఎడిషన్ నుంచి చియాంగ్ మాయ్‌ని కూడా కలిపింది, అప్పట్నుంచి అందులో పేరున్న చోట్లన్నీ ఇలాగే అయిపోయాయి.

ఇక్కడ లాభం ఏంటంటే బొమ్మలతో మెనూ, కుర్చీ, ఫ్యాను, బాత్రూం, అడిగితే చెప్పే మనిషి. ఏం కావాలో తేల్చుకోలేకపోతే ఆర్డెర్ఫ్ మ్యువాంగ్ అడగండి, ఒకే పళ్లెంలో సాయ్ ఉవా, నామ్ ప్రిక్ నుమ్, కేప్ మూ, ఉడికిన కూరగాయలు, గుడ్డు అన్నీ వస్తాయి. కేంగ్ హాంగ్ లే ఇక్కడ తినాలి, బర్మా నుంచి వచ్చిన పోర్క్ కూర, అల్లం సన్నగా తరిగి, చింతపండు పులుపు, వేరుశనగ గుళ్లు, మసాలా పొడి, కొబ్బరి లేదు, తమ్ముడు తిని "ఇది మన మటన్ పులుసుకి చుట్టం" అన్నాడు, నిజమే అయుంటుంది. ఖనోమ్ జీన్ నామ్ ఙియావ్ అని బియ్యం సేమ్యాలో టమాటా పులుసు పోసి ఇస్తారు, అందులో నల్లగా పుల్లల్లాంటివి తేలుతుంటాయి, అవేంటా అని అడిగితే బూరుగ పువ్వు ఎండబెట్టిన కేసరాలు. మన ఊళ్లో బూరుగ పువ్వు రాలితే తొక్కుకుంటూ పోతాం, వాళ్లు ఏరి ఎండబెట్టి వండుకుంటారు. దాంట్లో పోర్క్ రక్తం ముక్కలు కూడా ఉంటాయి, తినని వాళ్లు ముందే చెప్పాలి. పనసకాయ ఉడకబెట్టి దంచి పోపు పెట్టే తామ్ ఖనున్ చూస్తే మన పనసపొట్టు గుర్తొస్తుంది, కానీ అందులోనూ మామూలుగా పోర్క్ వేస్తారు, అమ్మ ఆశపడి మెనూ చూసి ఆగిపోయింది.

ఒక్క జాగ్రత్త. లాప్ మ్యువాంగ్ అని పిప్పళ్లు, ఇంకా బోలెడు ఎండు మసాలాలు వేసే కీమా ఉంటుంది, చాలా బాగుంటుంది, కానీ దాన్ని పచ్చి మాంసం, పచ్చి రక్తంతో కూడా తింటారు అక్కడ. పచ్చి పోర్క్ వల్ల వచ్చే ఒక బ్యాక్టీరియా జబ్బుతో ప్రాణాలు పోయినవాళ్లు, వినికిడి పోయినవాళ్లు ఆ ప్రాంతంలో ఉన్నారు. లాప్ ఖువా అనండి, అంటే వేయించింది.

ఖావ్ సొయ్ ఈ నాలుగిటిలో ఎక్కడా తినొద్దు, దాని కొట్లకే పోండి. ఎగ్ నూడుల్స్, కొబ్బరిపాల కూర పులుసు, పైన కరకరలాడే వేయించిన నూడుల్స్, పక్కన ఆవఆకు ఊరగాయ, పచ్చి ఉల్లి, నిమ్మబద్ద, నూనెలో వేయించిన కారం. ఆ కారం సగం చెంచా వేసి, నిమ్మకాయ పిండి, ఊరగాయ మొత్తం కలిపాకే మొదలెట్టండి, కలపకుండా తింటే చప్పగా ఉందంటారు. నైట్ బజార్ దగ్గర బాన్ హా మసీదు సందులో యున్నాన్ ముస్లింల కొట్లలో పోర్క్ ఉండదు, కాబట్టి అమ్మ నిశ్చింతగా చికెన్‌ది తింది, 60 బాత్ అటూఇటూ. ఫాహామ్ రోడ్డులో లామ్ దువాన్, సమ్యెర్ జాయ్ కూడా పాతవే. మంచి కొట్లు చాలా మధ్యాహ్నం రెండు మూడింటికే మూసేస్తారు, రాత్రికి పెట్టుకోవద్దు.

శాకాహారులకి మాత్రం నా లెక్క మొత్తం మారిపోతుంది. హుయెన్ హోటల్లో వెజ్ అంటే కూరలోంచి మాంసం తీసేస్తారు, ఫిష్ సాస్ అలాగే ఉంటుంది, నామ్ ప్రిక్ నుమ్‌లో కూడా ఫిష్ సాసో, ఊరబెట్టిన చేపో కలిపే వాళ్లున్నారు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో "జే" అని రాసున్న కొట్టు వెతుక్కోండి, జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. ఇంకోటి, శుక్రవారం పొద్దున ఆ మసీదు సందులోనే యున్నాన్ వాళ్ల, షాన్ వాళ్ల (బర్మా వైపు ఉండే ఒక జాతి) సంత జరుగుతుంది, అక్కడ శనగపిండి లాంటి పిండితో చేసే పసుపు రంగు టోఫు వేడి వేడిగా జావలాగా గిన్నెలో పోసిస్తారు, మాంసం వద్దని ముందే చెప్పాలి. మేం ఉన్న శనివారం అమ్మకి జే కొట్టే దిక్కయింది, అన్నం మీద రెండు కూరలు, కడుపునిండా తింది.

సరే, ఏది మేలు అంటే నేను ఇలా చెప్తా. ఒక్క పూటే ఉంటే, పెద్దవాళ్లు, పిల్లలు తోడుంటే మధ్యాహ్నం హుయెన్ హోటల్. రెండు రోజులుంటే ఒక పొద్దున కాద్ లువాంగ్ తప్పకుండా, నాకైతే అదే అన్నిటికంటే పైన, కూర్చునే జాగా లేకపోయినా సరే. వాకింగ్ స్ట్రీట్‌కి కడుపు సగం నింపుకుని పోండి. ఖాన్‌తోక్‌కి డబ్బు, సాయంత్రం మిగిలితేనే. ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు కాలుస్తారు, ఊరంతా పొగ, ఆరుబయట సంతలో తినడం కళ్లకి, గొంతుకి కష్టం, ఆ నెలల్లో అయితే హుయెన్‌కే నా ఓటు.

నామ్ ప్రిక్ నుమ్ ఇంటికి తెచ్చుకోవాలని చూడకండి, ఫ్రిజ్ లేకపోతే తొందరగా పులిసిపోతుంది. బజ్జీ మిరపకాయలు అరకిలో, వెల్లుల్లి ఒక గడ్డ, చిన్న ఉల్లిపాయలు ఏడెనిమిది, స్టవ్ మీద జాలీ పెట్టి నల్లగా అయ్యేదాకా కాల్చి, తొక్క తీసి, ఉప్పేసి రోట్లో దంచాలి, మిక్సీలో వేస్తే నీళ్లయిపోతుంది. అమ్మ ఇప్పుడు అలాగే చేస్తోంది, ఉడికిన గుమ్మడికాయతో, శనివారాలు.