గోవా ఐరన్‌మ్యాన్ 70.3: అంత ఫీజు కట్టి వెళ్లొచ్చా?

మా సైక్లింగ్ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, గోవా రేసుకి అన్ని వేలు పెట్టడం అవసరమా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఇక్కడ రాసేస్తే మేలనిపించింది. నన్నడిగితే పెట్టొచ్చు. మెడల్, బ్యాగు, టీషర్టు సంగతి పక్కన పెట్టండి, మీ డబ్బుకి దొరికేది కాపలా ఉన్న సముద్రం, బండ్లు ఆపేసిన రోడ్డు. హైదరాబాద్‌లో ఉండి ప్రాక్టీస్ చేసే మనలాంటివాళ్లకి ఈ రెండూ ఎంత అపురూపమో వేరే చెప్పాలా?

కొత్తవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ముందు సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, ఆ తడి బట్టలతోనే 90 కిలోమీటర్ల సైక్లింగ్, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు. అన్నీ కలిపితే 113 కిలోమీటర్లు, అంటే 70.3 మైళ్లు, పేరు అలా వచ్చింది. ఫుల్ ఐరన్‌మ్యాన్ దీనికి సరిగ్గా రెట్టింపు, 1978లో హవాయిలో మొదలైంది. మన దేశంలో ఈ 70.3 మొదటిసారి జరిగింది 2019 అక్టోబర్ 20న, పణజిలోని మిరామార్ బీచ్‌లో. కోవిడ్ వల్ల రెండేళ్లు ఆగి 2022లో మళ్లీ మొదలైంది. మొత్తం 8 గంటల 30 నిమిషాల్లో ముగించాలి, ఈతకి మాత్రం 1 గంట 10 నిమిషాలే ఇస్తారు. 2024లో బెంగళూరు దక్షిణ ఎంపీ తేజస్వీ సూర్య 8 గంటల 27 నిమిషాల 32 సెకన్లలో పూర్తి చేశాక మా ఆఫీసులో కూడా ఈ రేసు పేరు తెలిసింది. ఆ టైమ్ చూసి పెదవి విరిచినవాళ్లు ఉన్నారు కానీ, కటాఫ్‌కి రెండున్నర నిమిషాల ముందు గీత దాటడమంటే చివరి ల్యాప్ అంతా ఎంత టెన్షన్‌తో పరిగెత్తి ఉండాలో ఒకసారి ఆలోచించండి.

అసలు పరీక్ష ఈతే. మిరామార్ దగ్గర మాండవి నది వచ్చి సముద్రంలో కలుస్తుంది, వానలు తగ్గిన కొత్తలో నీళ్లు బురద రంగులో ఉంటాయి, చాపిన చెయ్యి మోచేతి దాకా కూడా సరిగ్గా కనిపించదు. గచ్చిబౌలి స్విమ్మింగ్ పూల్‌లో అడుగున నల్ల గీత చూసుకుంటూ ఈదే అలవాటు ఇక్కడ పనికిరాదు. నాలుగైదు స్ట్రోకులకోసారి తలెత్తి నీళ్ల మీద తేలే రంగు గుర్తు ఎటు ఉందో చూసుకోవాలి, అలకి కిందికి దిగినప్పుడు తలెత్తితే గుర్తు కనిపించదు, ఎదురుగా నీటి గోడ మాత్రమే ఉంటుంది, అల పైకి లేపినప్పుడే చూడాలి. ఇది పూల్‌లో ఎవరూ నేర్పలేరు. నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి వెట్‌సూట్, అదే ఒంటిని పట్టి ఉండే రబ్బరు సూటు, ఉండదు, అంటే తేలడానికి అది చేసే సాయం కూడా లేదు. ఉప్పుకి నాలుక మొద్దుబారిపోతుంది. మెడ వెనకా చంకల్లో వ్యాజిలిన్ దట్టంగా పట్టించకపోతే ఆ ఒరుపు మంట పరుగులో తెలుస్తుంది.

ఇంత రాశానని భయపడొద్దు. అందరినీ ఒక్కసారిగా నీళ్లలోకి తోసెయ్యరు, కొద్దిమంది చొప్పున వదులుతారు, మీ కాలికి కట్టిన టైమింగ్ చిప్ స్టార్ట్ గీత దాటిన క్షణం నుంచే మీ టైమ్ మొదలవుతుంది. దారి పొడవునా కయాక్‌ల మీద లైఫ్‌గార్డులు ఉంటారు. ఊపిరి అందకపోతే చెయ్యి ఎత్తండి, కయాక్ పట్టుకుని తేరుకోవచ్చు, అది పట్టుకుని ముందుకు కదలనంతవరకు మిమ్మల్ని రేసులోంచి తీసెయ్యరు. నా పక్కన ఈదుతున్న ఒకాయన అలాగే కయాక్ అంచు పట్టుకుని వెల్లకిలా తేలుతూ ఊపిరి సర్దుకున్నాడు, ఒడ్డుకొచ్చాక చూస్తే నాకంటే ముందే సైకిల్ తీసుకుని వెళ్లిపోతున్నాడు. కట్టిన ఫీజు ఎక్కడికి పోయిందో నాకు అక్కడ కళ్లారా కనిపించింది. వైజాగ్‌లో ఆర్కే బీచ్ ఎంత ప్రమాదమో మనందరికీ తెలుసు, ఇంతమంది కాపలాతో సముద్రంలో ఈదే అవకాశం మామూలు రోజుల్లో ఎక్కడుంది?

సైక్లింగ్ విషయానికొస్తే, రోడ్డు బాగుంటుంది, కానీ చదునుగా ఉండదు. మనం హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ పైకప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తొక్కి అలవాటు పడ్డాం, ఆ ట్రాక్ ఒక్కటే నమ్ముకుని వెళ్తే బాంబోలిం వైపు ఎత్తులు తొడలు పిండేస్తాయి. గండిపేట, వికారాబాద్ రోడ్లు కూడా తొక్కి వెళ్లండి. ముందు సైకిల్ వెనకే దాక్కుని తొక్కడం నిషేధం. 12 మీటర్ల దూరం ఉండాలి, దాటాలనుకుంటే 25 సెకన్లలో దాటెయ్యాలి, పట్టుబడితే పెనాల్టీ టెంట్‌లో అయిదు నిమిషాలు నిలబెడతారు. రిఫరీలు మోటార్‌సైకిళ్ల మీద తిరుగుతూనే ఉంటారు. ఈ నియమాన్ని గట్టిగా అమలు చేయడం నాకు చాలా నచ్చింది, గుంపులో చేరి గాలి తప్పించుకునేవాళ్లకి ఒంటరిగా తొక్కేవాళ్ల కష్టం అర్థం కాదు. ఇంకోటి, హెల్మెట్ బకిల్ పెట్టుకున్నాకే సైకిల్ మీద చెయ్యి వెయ్యాలి, ఇది ఇంట్లోనే అలవాటు చేసుకోండి.

పరుగు మొదలయ్యేసరికి మాలాంటి మామూలువాళ్లకి ఎండ నడినెత్తికి వస్తుంది. ఉష్ణోగ్రత ఒక్కటే అయితే మన తెలంగాణ ఎండలు చూసినవాళ్లం తట్టుకుంటాం, గోవాలో చెమట ఆరదు, అదీ సమస్య. బట్టలు మళ్లీ సముద్రంలోంచి వచ్చినట్టు తడిసి బరువెక్కుతాయి. నీళ్ల స్టాల్ దగ్గర ఐసు తీసుకుని టోపీలో వేసుకుని పెట్టుకుంటే కరిగిన నీళ్లు మెడ మీదుగా వీపులోకి జారుతూ ఉంటాయి, తర్వాతి స్టాల్ దాకా అదే ప్రాణం. శక్తి కోసం తినే తియ్యటి ఎనర్జీ జెల్‌లు ఒక దశ దాటాక నోటికి పోవు. నేను ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప ముక్కలు చిన్న కవర్‌లో పెట్టుకున్నాను, బ్రహ్మాండంగా పనిచేశాయి. దోనా పౌలా వైపు రోడ్డు పైకి లేచే చోట చాలామంది నడుస్తారు, నేనూ నడిచాను. ఆ ఎత్తు మీదే నా ట్రైసూట్ (మూడు భాగాలకీ వేసుకునే ఒకే డ్రెస్సు) వెనక హైదరాబాద్ అని చూసి ఎవరో కుర్రాడు "పదక్కా, పద, పైకెక్కితే ఇంక దిగుడే!" అని అరిచాడు. స్కూలు పిల్లలు నీళ్ల గ్లాసులు పట్టుకుని మనతో పాటు పది అడుగులు పరిగెత్తి మరీ అందించారు. వాళ్లకి ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే.

ప్రయాణం సంగతి. సైకిల్‌ని ఒక ప్రైవేట్ కొరియర్‌లో ముందే పంపించాను, బాక్స్ తెరిచి చూస్తే వెనక గేర్ తగిలించే హ్యాంగర్ వంగిపోయి ఉంది. రేసుకి ముందు అక్కడ పెట్టే స్టాళ్లలో, అదే ఎక్స్‌పోలో, మెకానిక్ సరిచేశాడు కాబట్టి సరిపోయింది. మీరు మాత్రం స్పేర్ హ్యాంగర్ ఒకటి బ్యాగులో వేసుకోండి, పెద్ద ఖరీదేమీ కాదు. 2024 అక్టోబర్ నుంచి సికింద్రాబాద్–వాస్కో రైలు వారానికి రెండుసార్లు ఉంది, సైకిల్‌ని కళ్లెదుటే బ్రేక్ వ్యాన్‌లో ఎక్కించుకోవచ్చు. హోటల్ మిరామార్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో తీసుకోండి, రేసు రోజు తెల్లవారుజామున రోడ్లు మూసేస్తారు, టాక్సీల మీద ఆధారపడితే కంగారు తప్పదు.

ఎవరు వెళ్లకూడదో కూడా చెప్పాలి. సముద్రంలో ఒక్కసారి కూడా ఈదనివాళ్లు ఈ ఏడు ఆగండి. ముందు రుషికొండలోనో ఇంకెక్కడైనానో కోచ్‌ని వెంటబెట్టుకుని అలల్లో ఈదండి. ఈత ఒక్కటే భయమైతే రిలే విభాగం ఉంది, ముగ్గురు కలిసి ఒక్కొక్కరు ఒక్కో భాగం చేయొచ్చు, మా గ్రూపులో సైకిల్ బాగా తొక్కేవాళ్లు చాలామందే ఉన్నారు, ఈతగాళ్లని వెతుక్కోవడమే మిగిలింది. ఇంట్లోవాళ్లని తీసుకెళ్తే పరుగు దారిలో నీడ ఉన్నచోట నిలబడమనండి, ల్యాప్‌లు కాబట్టి మీరు మళ్లీ మళ్లీ కనిపిస్తారు, ఈత దగ్గర మాత్రం అన్ని టోపీల మధ్య మిమ్మల్ని గుర్తుపట్టడం వాళ్ల వల్ల కాదు.