కొలోన్‌లో ఆట అద్భుతం, బస దోపిడీ

హ్యాండ్‌బాల్ అంటే ఇష్టమున్నవాళ్లు యూరప్ చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఫోర్‌ని (చివరి నాలుగు జట్ల సెమీస్, ఫైనల్) జర్మనీలోని కొలోన్‌లో ఒక్కసారైనా చూడాలి. కానీ మ్యాచ్‌లు జరిగే అరీనాకి దగ్గరని ఆశపడి, అది ఉన్న డోయిట్జ్ పేటలో ప్రైవేట్ ఫ్లాట్ మాత్రం తీసుకోకండి. 2024 జూన్‌లో అక్కడ మాకు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైలు ప్రయాణం హాయిగా సాగింది. రెండు రాత్రులకి 310 యూరోలు ముందే కట్టేశాం. తాళాలిచ్చే ముందు ఓనరు కొత్త లెక్క తీశాడు: క్లీనింగ్‌కి 45, దుప్పట్లకీ టవళ్లకీ మనిషికి 12, పైగా 100 యూరోలు డిపాజిట్, అదీ క్యాష్‌లోనే. ఇదేమిటని అడిగితే ఇష్టం లేకపోతే వెళ్లిపొమ్మన్నాడు. ఆ వారాంతంలో ఊళ్లో గది దొరకదని అతనికి తెలుసు. మా ఆయన నల్గొండలో స్కూలు టీమ్‌కి ఆడినవాడు, ఈ ట్రిప్ కోసం ఏడాదిగా డబ్బు దాచుకున్నాడు. ఆ రాత్రి సరిగ్గా తినలేదు, మాట్లాడలేదు.

మర్నాడు లాంక్సెస్ అరీనాలోకి వెళ్లాక మనిషి మారిపోయాడు. దాదాపు 20 వేల మంది కూర్చునే హాలు. ఒకే టికెట్ మీద రెండు రోజులూ నాలుగు మ్యాచ్‌లు. మాకు తలా 129 యూరోలైంది, ప్రతి యూరోకీ న్యాయం జరిగింది. అంతకుముందు ఏడాది కప్పు గెలిచిన జర్మనీ జట్టు మాగ్డెబర్గ్‌ని డెన్మార్క్ జట్టు ఆల్బోర్గ్ 28-26తో ఓడించింది. తర్వాత బార్సిలోనా 30-18తో మరో జర్మనీ జట్టు కీల్‌ని చిత్తు చేసింది. బార్సిలోనా గోల్‌కీపర్ ఎమిల్ నీల్సన్ కాళ్లూ చేతులూ చాచి ఎదురొస్తుంటే, కీల్ ఆటగాళ్లు గాల్లోకి లేచాక కూడా బంతి ఎటు విసరాలో తేల్చుకోలేకపోయారు. 12 గోల్స్ తేడాతో ఓడినా, మా పక్క సీటు కీల్ అభిమాని నీల్సన్ ఎక్కడ నిలబడుతున్నాడో మా ఆయనకి ఓపిగ్గా వివరించాడు.

ఆదివారం పొద్దున ఖాళీ చేస్తుంటే ఓనరు సోఫా మీద ఫోన్ టార్చి వేసి, రూపాయి బిళ్లంత పాత మరక చూపించి 60 యూరోలు కోసుకున్నాడు. మా ఆయనకి మళ్లీ మూడ్ పాడైంది.

సాయంత్రం ఫైనల్. ఆల్బోర్గ్ స్టార్ మికెల్ హాన్సెన్‌కి అదే చివరి చాంపియన్స్ లీగ్ మ్యాచ్ కాబట్టి మేం ఆల్బోర్గ్ వైపు. చివరి నిమిషం దాకా టెన్షనే. 31-30తో బార్సిలోనా గెలిచింది. మా ఆయన గొంతు పోయేలా అరిచాడు, ఓడినా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

మా స్నేహితులు మాత్రం దగ్గర్లోని బాన్ ఊళ్లో హోటల్ తీసుకున్నారు. టిఫిన్‌తో కలిపి రాత్రికి 85 యూరోలు. నెలంతా లోకల్ రైళ్లలో తిరగనిచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ (2024లో 49 యూరోలుండేది) మీదే వచ్చిపోయారు. మీరూ అలాగే చేయండి. ఫ్లాటే కావాలనుకుంటే, సామాను దించకముందే సోఫాతో సహా గదంతా వీడియో తీసి ఓనరుకి పంపండి.